స్క్యూదెలేర అంటే షూటింగ్ పాఠమా? ఒక డేనిష్ కొలపరికరం పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డెన్మార్క్‌లో మెషిన్ షాపు పనికో, డిజైన్ పనికో వచ్చిన మనవాళ్లకి మొదటి వారంలోనే ఒక మాట ఎదురవుతుంది: స్క్యూదెలేర. వస్తువు చూస్తే పాత చుట్టమే, వర్నియర్ కాలిపర్. పేరు మాత్రం బుర్ర తినేస్తుంది. ఒకే సందేహాన్ని పదిమంది పది రకాలుగా అడుగుతుంటే విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫరవాలేదు.

## మొదటిసారి విన్నప్పుడు

అసలు స్క్యూదెలేర అంటే ఏ వస్తువు?

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో స్తూపం వ్యాసం కొలిచిన వర్నియర్ కాలిపర్సే. ఒక పొడుగాటి స్కేలు, దానికి ఒక కదలని దవడ, స్కేలు మీద జారే ఇంకో దవడ. మధ్యలో వస్తువు పెట్టి నొక్కి చదువుతాం. డేనిష్‌లో కూడా వాటిని దవడలనే అంటారు, ‘కేబె’ అని. డిజిటల్‌దైనా, డయల్ ఉన్నదైనా, గీతల స్కేలుదైనా పేరు మాత్రం ఇదే.

డిక్షనరీలో చూస్తే ‘కాల్చడం’, ‘బోధన’ అని వస్తోంది. ఇదేం పేరు?

నాకూ అదే అయింది. చేరిన రెండో రోజు పక్క బెంచీ ఆయన “హార్ దు ఎన్ స్క్యూదెలేర?” అన్నాడు. ఫోన్లో మాటని రెండు ముక్కలు చేసి వెతికాను. స్క్యూదె అంటే తుపాకీ పేల్చడం, లేర అంటే సిద్ధాంతం, బోధన అని వచ్చింది. షూటింగ్ క్లాసుకి వస్తావా అని అడుగుతున్నాడేమో అనుకుని, అలవాటు లేదండీ అన్నాను. ఆయన అడిగింది నీ దగ్గర కాలిపర్ ఉందా అని. నా టేబుల్ మీదున్నది తీసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

రెండు ముక్కలకీ డిక్షనరీలో ముందు కనిపించేది ఎక్కువమంది వాడే అర్థం. ఈ పేరులో ఉన్నది కింద రెండో మూడో అంకె వేసి ఇచ్చే అర్థం. స్క్యూదె అంటే ఇక్కడ జరపడం, తోయడం. లేర అంటే కొలతకి నమూనాగా పెట్టుకునే పరికరం, మన షాపుల్లో గేజ్ అనేది. రెండూ కలిపితే ‘జరిపే గేజు’.

ఎలా పలకాలి? స్పెల్లింగ్ ఏమిటి?

అక్షరాలు వరసగా ఎస్, కె, వై, డి, ఇ, ఎల్, తర్వాత ఏ-ఈ అతికించినట్టుండే అక్షరం, ఆర్, ఇ. మొదటి అచ్చుకి నోట్లో ‘ఈ’ అంటూ పెదాలు ‘ఊ’కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టాలి. మన లిపిలో దానికి అక్షరం లేదు కాబట్టి ‘స్క్యూ’ అని సర్దుకున్నాను. మధ్యలో ఉన్న డి మన ‘డ’ కాదు. నాలుక కొసని కింది పళ్ల దగ్గర వదిలేస్తే వచ్చే మెత్తటి శబ్దం, కొత్త చెవికి ‘ల’ లాగా వినిపిస్తుంది. చివరి ‘రె’ నోట్లోనే కరిగిపోయి ‘అ’ మిగులుతుంది. ఒత్తు మొదటి ముక్క మీద పెడితే చాలు, మిగతాది అటూ ఇటూ అయినా అర్థం చేసుకుంటారు.

## మాటను విడదీసేటప్పుడు

రెండు మాటల్లో అసలు మాట ఏది?

చివరిది. డేనిష్ సమాసంలో వస్తువు ఏమిటో చివరి మాట చెబుతుంది, ఎలాంటిదో ముందు మాట చెబుతుంది. మనకిది కొత్త కాదు. కొలకర్ర కర్రే, కొలపాత్ర పాత్రే, జారుడుబల్ల బల్లే. అలాగే స్క్యూదెలేర ఒక లేర. మర స్క్రూల దంతాల దూరం చూసే గేజు గెవిన్‌లేర, అది కూడా ఒక లేర.

వ్యాకరణం కూడా చివరి మాట వెనకే నడుస్తుంది. లేరకి ముందు ‘ఎన్’ వస్తుంది కాబట్టి ఎన్ స్క్యూదెలేర. ‘ఆ కాలిపర్’ అనాలంటే చివర న్ చేర్చి స్క్యూదెలేరన్.

స్క్యూదె అంటే కాల్చడం కదా, జరపడం ఎక్కడినుంచి వచ్చింది?

మొదటినుంచీ రెండూ ఉన్నాయి. డేనిష్‌కి తల్లిలాంటి పాత నార్స్ భాషలో ఈ క్రియ రూపం ‘స్కియోతా’. దానికి బాణం వదలడం అనీ, ఒక వస్తువుని గట్టిగా ముందుకి తోయడం అనీ రెండర్థాలు. ఆలోచిస్తే రెండూ ఒకటే పని: చేతిలో ఉన్నదాన్ని ఊపుతో అవతలికి పంపడం. తుపాకులు వచ్చాక పేల్చడం అనే అర్థం ముందుకొచ్చి కూర్చుంది. తోయడం, జరపడం మాత్రం సమాసాల్లో నిలిచిపోయింది.

ఆ సమాసాలు రోజూ కనిపిస్తాయి. పక్కకి జరిగే తలుపు స్క్యూదెదోర్. పనిని వాయిదా వేయడం ఉద్‌స్క్యూదె, ‘బయటికి తోయడం’. ‘ఈ మీటింగ్ వచ్చే వారానికి తోసెయ్’ అని మనం అనేది అచ్చంగా అదే. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ తిల్‌స్కుద్, ఎవరో మనవైపు కాస్త డబ్బు జరిపారన్నమాట. వీటిలో ఎక్కడా తుపాకీ లేదు.

ఇంగ్లీషు షూట్ కూడా ఈ కుటుంబమే. తలుపు మూయడానికి వాడే షట్ దానికి చెల్లెలు. గడియని తోసి బిగించడం దాని మొదటి అర్థం.

లేర అంటే బోధన, సిద్ధాంతం. గేజుకి ఆ పేరెందుకు?

నాకు ఈ పేరు మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. లేర అనే క్రియకి డేనిష్‌లో నేర్చుకోవడం, నేర్పడం రెండూ అర్థాలే. నామవాచకంగా బోధన, సిద్ధాంతం, పనిలో శిష్యరికం. కుర్రాడు వడ్రంగి దగ్గర పనికి కుదిరితే ‘లేరలో ఉన్నాడు’ అంటారు, అతను లేర్లింగ్. గేజు అనే అర్థం మాత్రం జర్మన్ ‘లేరె’ నుంచి పనివాళ్ల నోటి మీదుగా డేనిష్‌లోకి వచ్చింది. జర్మన్‌లో ఆ మాటకి మధ్యయుగాల్లోనే ‘కొలత, నమూనా’ అనే అర్థం ఉంది. అది బోధన అనే మాట నుంచే పుట్టిందని ఎక్కువమంది భాషా శాస్త్రవేత్తల మాట.

మనకి అంతుపట్టడానికి దూరం వెళ్లక్కర్లేదు. పలక మీద పంతులుగారు రాసిచ్చే అక్షరాన్ని ఒరవడి అనేవాళ్లు. అది పాఠమూ, నమూనా కూడా. పిల్లాడు దాని మీదే దిద్దుతాడు, తన అక్షరాన్ని దాంతోనే పోల్చుకుంటాడు. టైలరుకి ఇచ్చే ఆది జాకెట్టు సంగతీ అంతే. టేపు లేకపోయినా దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించేస్తారు. పాతకాలపు లేర అలాంటిది: రేకులోనో చెక్కలోనో కోసిన ఒక ఆకారం. చేసిన వస్తువుని దానికి ఆనించి చూడాలి. సరిపోతే మంచిది, లేకపోతే మళ్లీ ఆకురాయి పట్టాలి. అంకెలేం ఉండవు. పని ఎలా ఉండాలో వస్తువుకి ‘నేర్పేది’ అదే.

మధ్యలో ఉన్న ‘ఎ’ ఏమిటి?

డేనిష్‌లో క్రియ మొదటి ముక్కగా వస్తే ఎక్కువగా ‘ఎ’తో ముగిసే రూపంలోనే వస్తుంది. రాసే బల్ల స్క్రీవెబోర్, కొలిచే టేపు మోలెబోన్. ఇదీ అలాంటిదే. అర్థానికి అది కలిపేదేమీ లేదు.

రెండు మాటలుగా విడగొట్టి రాస్తే తప్పా?

తప్పే. కలిపే రాయాలి. ఇంగ్లీషు అలవాటుతో డేన్‌లు, అంటే డెన్మార్క్ వాళ్లు కూడా సమాసాలని విడగొట్టేస్తుంటారు, అది చూస్తే టీచర్లకి ఒళ్లు మండుతుంది. విడగొడితే పలికేటప్పుడు ఒత్తు రెండు మాటల మీదా పడి, ‘జరపడం’, ‘నేర్చుకోవడం’ అని రెండు వేరు మాటలు మిగులుతాయి.

## ఇంకా వెనక్కి తవ్వితే

జర్మన్ మాట డెన్మార్క్ షాపులోకి ఎలా వచ్చింది?

ఇదొక్కటే కాదు, షాపులో సగం సామాను అలాగే వచ్చింది. మధ్యయుగాల్లో బాల్టిక్ సముద్రం చుట్టూ వ్యాపారం హాన్సా అనే జర్మన్ వర్తక నగరాల కూటమి చేతిలో ఉండేది. వాళ్లు మాట్లాడేది ఉత్తర జర్మనీ భాష, దాన్ని ‘లో జర్మన్’ (Low German) అంటారు. డెన్మార్క్ పట్టణాల్లో చేతిపనివాళ్లు, వర్తకులు చాలామంది ఆ భాషవాళ్లే. పనిముట్టు అనే అర్థంలో వాడే ‘వేర్క్‌తోయ్’, చిత్రిక పట్టే ‘హోవ్‌ల్’, దర్జీ ‘స్క్రెదర్’, ఇవన్నీ ఆ దారిన వచ్చినవే. తర్వాత శతాబ్దాల్లో పని నేర్చిన కుర్రాళ్లు ఊరూరా తిరిగి జర్మన్ మేస్త్రీల దగ్గర చేసి తిరిగొచ్చేవాళ్లు. పనిముట్టుతో పాటు పేరు కూడా సంచిలో వచ్చేది.

స్క్యూదెలేరకి జర్మన్ జోడీ ‘షీబ్‌లేరె’. షీబెన్ అంటే తోయడం. లేర మాటని అలాగే ఉంచుకుని, ముందు ముక్కకి తమ సొంత స్క్యూదె పెట్టుకున్నారు. అంటే సగం అరువు, సగం సొంతం.

లేర కన్నా ముందు ఏముంది? మూలం ఏమిటి?

అడుగుజాడ. బోధన అర్థంలో ఉన్న డేనిష్ లేర, ఇంగ్లీషు లెర్న్, లోర్, జర్మన్ లేరెన్, ఇవన్నీ ‘జాడ, చాలు’ అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువు దగ్గర కలుస్తాయి. జాడ పట్టుకుని వెళ్లినవాడికే విషయం తెలుస్తుంది. జర్మన్, ఇంగ్లీషు కుటుంబానికే చెందిన, ఇప్పుడు లేని గోతిక్ భాషలో ‘లైస్’ అంటే ‘నాకు తెలుసు’. నాగలి చాలుకి లాటిన్‌లో ‘లీరా’ అనేవాళ్లు. చాలు తప్పితే ‘డెలీరియం’, జ్వరం మీద పేలేటప్పుడు డాక్టర్లు వాడే మాట. జర్మన్ రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫామ్ నంబరు పక్కన కనిపించే ‘గ్లైస్’, అంటే పట్టా, అదీ ఈ వంశమే.

ఇంకో చుట్టం డేనిష్‌లోనే ఉంది: ‘లెస్ట్’. చెప్పులు కుట్టేవాళ్లు తోలుని బిగించే చెక్క పాదం. పాత నార్స్‌లో ‘లెయిస్త్‌ర్’ అంటే పాదం. చెప్పుకి అది నమూనా, షాపులో పనికి లేర నమూనా. ఇద్దరూ ఒకే అడుగుజాడ నుంచి వచ్చిన అన్నదమ్ములు.

ఇంగ్లీషు కాలిపర్‌కీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ధాతువులో లేదు. కానీ తమాషా ఒకటి ఉంది. కాలిపర్ అనేది కాలిబర్ అనే మాటకి మారు రూపం. కాలిబర్ అరబ్బీ ‘ఖాలిబ్’, అంటే అచ్చు, నుంచి వచ్చిందని నిఘంటుకారులు ఎక్కువమంది చెబుతారు. ఆ ఖాలిబ్‌కి వెనక గ్రీకు ‘కలాపూస్’. దాని అర్థం? చెప్పులు కుట్టేవాళ్ల చెక్క పాదం! డేనిష్ వాళ్లు అడుగుజాడ పట్టుకుని ఆ చెక్క పాదం పక్కకి చేరితే, ఇంగ్లీషువాళ్లు గ్రీసు, అరేబియా చుట్టి అదే చెక్క పాదం దగ్గరికొచ్చారు. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

స్కేలు మీద చిన్న గీతల్ని ‘నోనియస్’ అంటున్నారు. వర్నియర్ ఏమయ్యాడు?

ఇద్దరు వేరు మనుషులు. పెద్రో నూనెస్ పోర్చుగల్ గణితవేత్త (1502–1578). లాటిన్‌లో ఆయన పేరు నోనియస్. కోణాలు కొలిచే పరికరం మీద ఒకదానిలోపల ఒకటిగా చాపాలు గీసి, ఒకదాన్ని 90 భాగాలు, తర్వాతదాన్ని 89, ఆ తర్వాతదాన్ని 88, ఇలా విడగొట్టాలని 1542లో రాశాడు. ఏదో ఒక చాపం మీద గీత సరిగ్గా కలుస్తుంది కదా అని ఆయన లెక్క. ఆలోచన గట్టిదే, గీయడం మాత్రం నరకం. డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహే దాన్ని పరికరాల మీద వాడి చూసి, లాభం లేదని వదిలేసి, ఏటవాలు చుక్కల పద్ధతికి మారిపోయాడు.

ఒకే చిన్న స్కేలుని పెద్ద స్కేలు పక్కన జరిపే పద్ధతి ఫ్రెంచి పియేర్ వర్నియేది, 1631లో అచ్చయింది. మన ల్యాబులో 9 మిల్లీమీటర్లని 10 భాగాలు చేసి 0.1 మి.మీ. చదివేది అదే. అయినా జర్మన్, డేనిష్ వాళ్లు పేరు మాత్రం నోనియస్‌కే ఇచ్చారు. వస్తువు ఒకాయనది, పేరు ఇంకొకాయనది.

## పొరుగు భాషల్లో చూస్తే

స్వీడిష్, నార్వేజియన్ వాళ్లు కూడా ఇదే అంటారా?

కొంచెం తేడాతో. నార్వేలో ష్యూవెలేరె. వాళ్లు కాల్చడానికి ఒక క్రియ, తోయడానికి ఇంకో క్రియ పెట్టుకున్నారు కాబట్టి అక్కడ షూటింగ్ గందరగోళం లేదు. స్వీడన్‌లో హూట్‌మోట్, ‘జరిపే కొలత’. వాళ్ల క్రియకీ డేనిష్‌లాగే రెండర్థాలు. డచ్ స్ఖైఫ్‌మాత్, ఫిన్నిష్ త్యొంతొమిత్తా, పోలిష్ సూవ్‌మ్యార్కా, అన్నీ ‘జరిపే కొలతే’. రష్యన్లు మాత్రం జర్మన్ నుంచే ఇంకో మాట తెచ్చుకుని ష్టాంగెన్‌సిర్కుల్ అన్నారు. అందులో ఉన్నవి కడ్డీ, వృత్తలేఖిని.

జర్మన్ సహోద్యోగి ‘షీబ్‌లేరె అనకూడదు’ అంటాడు. ఎందుకు?

అక్కడి ప్రమాణాల భాషలో లేరె అంటే అంకె చెప్పని పరికరం, సరిపోయిందా లేదా అని మాత్రమే చూసేది. కాలిపర్ అంకె చెబుతుంది కాబట్టి అది లేరె కాదని వాళ్ల వాదన. డిన్ 862 ప్రమాణంలో దాని పేరు మెస్‌షీబర్, ‘కొలిచే జారుడు’. వాదన సరైనదే. కానీ షాపులో ముసలాయన ఇప్పటికీ షీబ్‌లేరె అనే అంటాడు. డేన్‌లకి ఈ గొడవ పట్టలేదు, వాళ్ల పేరు వాళ్లు మార్చుకోలేదు. నాకైతే వాళ్లే నయం అనిపిస్తుంది. పేరులో పాత పని గుర్తుంటే నష్టమేముంది?

మిగతా కొలపరికరాల పేర్లు కూడా ఇలాగే సమాసాలా?

ఎక్కువ భాగం అంతే. మైక్రోమీటర్‌ని మిక్రోమీటర్‌స్క్రూయె అంటారు, చివర స్క్రూ. మడత స్కేలు తొమెస్తోక్, ‘అంగుళాల కర్ర’. దాని మీద ఇప్పుడు అంగుళాలు చాలాసార్లు ఉండవు, సెంటీమీటర్లే. డెన్మార్క్‌లో మీటరు చట్టం 1907లో వచ్చింది, అంతకు ముందు వాళ్ల అడుగు 31.4 సెం.మీ. దగ్గర, అందులో 12 అంగుళాలు. కొలత పోయింది, పేరు మిగిలింది. డేనిష్ అంగుళం ‘తొమె’ బొటనవేలికి బంధువు. మన అంగుళం కూడా వేలే కదా.

## రోజూ వాడేటప్పుడు

బహువచనం ఏమిటి? స్క్యూదెలేరర్ అంటే ఎవరో టీచర్ అని వస్తోంది.

బహువచనానికి చివర ఆర్ చేరుతుంది. అక్కడే చిక్కు. టీచర్‌కి మాట లేరర్. కాబట్టి రెండు కాలిపర్లని రాసిన మాట, తుపాకీ నేర్పే మాస్టారు అని చదవడానికీ అచ్చం ఒకటే. పైగా పలికేటప్పుడు చివరి ‘రె’, ‘రెర్’ రెండూ ఒకేలా వినపడతాయి. ఏకవచనమో బహువచనమో చెవికి తెలియదు, ముందున్న అంకెని బట్టి పట్టుకోవాలి. డేనిష్ పిల్లలకి కూడా స్కూల్లో ఈ ఆర్ దగ్గరే మార్కులు పోతాయి. మీకూ పోతే దిగులు పడకండి.

కొలత చదివి చెప్పేటప్పుడు జాగ్రత్త ఏమైనా ఉందా?

ఒకటే. డేన్‌లు దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. మనం 12.35 అని రాసేది వాళ్ల కాగితం మీద 12,35. చుక్కని వాళ్లు వేల దగ్గర వాడతారు. డ్రాయింగ్ మీద 1.250 అని చూసి ఒకటింపావు మిల్లీమీటరు అనుకుంటే కొంప మునుగుతుంది.

ఈ మాటని డిక్షనరీలో ఎక్కడ వెతకాలి?

నేటి అర్థానికి డేనిష్ భాషా సాహిత్య సంఘం వారి ఆన్‌లైన్ నిఘంటువు సరిపోతుంది. పాత వాడుకకి 1918 నుంచి 1956 వరకు 28 సంపుటాలుగా అచ్చయిన పెద్ద నిఘంటువు ఉంది, అదీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పాతదాంట్లో పాత స్పెల్లింగే ఉంటుందని గుర్తుంచుకోండి. 1948 సంస్కరణకి ముందు పుస్తకాల్లో నామవాచకాలు పెద్దక్షరంతో మొదలవుతాయి, జర్మన్‌లో లాగా. లేర మాటని విడిగా అచ్చు పుస్తకంలో వెతికితే ఎల్-ఏ దగ్గర దొరకదు. ఏ-ఈ అతుకు అక్షరం డేనిష్ వర్ణమాలలో జెడ్ తర్వాత వస్తుంది, కాబట్టి ఎల్ విభాగం చివరి పేజీలు తిప్పండి.